వాళ్ళింటికెళ్ళి మంచినీళ్ళు అడుగమ్మా

ఉత్తరం: ఆంటీ, వందనాలండీ. మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గర ఊరు. మా సంఘంలో 120 కుటుంబాలు ఉంటాయి. మా నాన్న సంఘపెద్ద, నేను స్త్రీల సమాజం సెక్రటరీని. క్రిస్మస్ ముందు నుంచి బకింగ్‌హామ్ కాలవకట్ట మీద గుడిసెల్లో ఉండే ఆరు యానాది కుటుంబాలు ఆరాధనకి వస్తా ఉన్నాయి. వాళ్ళంతట వాళ్ళే వెనక చెప్పులు విడిచే చోట కూర్చుంటారు. మా సంఘంలోనే ఒకాయన లీజుకి తీసుకున్న రొయ్యల చెరువుల్లో పనిచేసి వస్తారు, వాసనొస్తుందని మావాళ్ళు జరిగి కూర్చుంటారు. క్రిస్మస్ ప్రేమవిందుకి వాళ్ళకి చివర్లో పార్సిళ్ళు కట్టి పంపించాం. ఇప్పుడు మా నాన్న, ఇంకో ఇద్దరు పెద్దలు "వాళ్ళకి కట్ట మీదే సాయంత్రం వేరే కూటం పెడదాం, వాళ్ళకీ మొహమాటం ఉండదు" అంటున్నారు. సభ్యత్వం ఇస్తే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని కూడా ఒకాయన అన్నాడు. నేను చీరలు, బియ్యం ఇచ్చాను. కానీ ఒక యానాదామె మా ఇంటికొచ్చి మంచినీళ్ళడిగితే ఇచ్చి, తాగాక ఆ గ్లాసు మిగతావాటిలో కలపకుండా గోడ మీద పెట్టేశాను. ఆమె చూసింది. మూడు వారాలుగా వాళ్ళెవరూ రావట్లేదు. నాకు నిద్ర పట్టట్లేదు. ఏం చెయ్యమంటారు? నాన్నతో ఎలా మాట్లాడాలి?

సమాధానం: అమ్మా, వందనాలు. గ్లాసు సంగతి నువ్వు రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు, అయినా రాశావు, అందుకే నేనూ నీతో దాచకుండా మాట్లాడతాను.

ముందు ఆ సర్టిఫికెట్ మాట తేల్చేద్దాం, అది పెద్ద విషయం కాదు గానీ అందరూ దాన్ని అడ్డం పెట్టుకుంటారు. ఎస్టీ హోదాకి మతంతో సంబంధం లేదు. యానాదులు బాప్తిస్మం తీసుకున్నా ఎస్టీలే, వాళ్ళ పిల్లలూ ఎస్టీలే. మతం నిబంధన ఉన్నది ఎస్సీలకి, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో, అందుకే మనవాళ్ళు క్రైస్తవులైతే మన రాష్ట్రంలో బీసీ-సీ కింద వేస్తారు. ఆ దెబ్బ మనం తిన్నది, ఆ భయం మనది, దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ మీద పెట్టి "మీ మంచికే" అనడం సరికాదు. ఆ పెద్దాయనకి ఈ ముక్క మర్యాదగానే చెప్పు, తెలియక అని ఉంటాడు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో నాకు మనసులో గుచ్చుకున్నది గ్లాసు ఒక్కటే కాదమ్మా. క్రిస్మస్ ముందు నుంచి వస్తున్నారు, చీరలిచ్చావు, బియ్యం ఇచ్చావు, ఆమె మీ ఇంటిదాకా వచ్చింది, అయినా నీకు ఆమె "ఒక యానాదామె"గానే ఉంది. పేరు తెలిసి రాయలేదా, తెలియకే రాయలేదా? తెలియకపోతే ముందు అక్కణ్ణుంచి మొదలుపెట్టు. మన నాయనమ్మల్ని కూడా ఊళ్ళో పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, పల్లె పేరో కులం పేరో పెట్టి కేకేసేవాళ్ళు. మా జేజి చెప్పేది, వాళ్ళ చిన్నతనంలో ఎండలో దాహమేస్తే బావి పక్కన దూరంగా నిలబడాలి, దయ కలిగినవాళ్ళు ఎవరన్నా తోడి పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి, గొంతులోకి పొయ్యేది కొంచెం, మోచేతుల మీదగా కారి పైట తడిసేది ఎక్కువ. చచ్చేదాకా ఆమె గ్లాసుతో తాగేటప్పుడు కూడా ఎడమచెయ్యి గడ్డం కింద దోసిలిలాగా పెట్టుకునే తాగింది. నేను చిన్నప్పుడు అది ముసలాళ్ళ అలవాటు అనుకునేదాన్ని.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఏం చేశానో చెప్తాను విను. పన్నెండేళ్ళ కిందట మేం టౌన్లో అద్దెకుండే రోజుల్లో లెంటులో, అంటే ఈస్టరు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, మా ఇంట్లో గృహకూటం పెట్టుకునేవాళ్ళం. మా వీధి ఊడ్చే మున్సిపాలిటీ ఆమె కూడా వచ్చేది, గుమ్మం దగ్గర కూర్చుని పాటలన్నీ పాడేది. కూటం అయ్యాక అందరికీ పింగాణీ కప్పుల్లో టీ, ఆమెకి మటుకు సొట్టపడ్డ స్టీలు గ్లాసు ఒకటి, అది ఆమె గ్లాసు అని నేనెప్పుడూ పైకి అనలేదు, అనకుండానే అదే ఇచ్చేదాన్ని. నాలుగో వారం నేను టీ పోస్తుంటే ఆమె తన సంచిలోంచి ఒక గ్లాసు తీసింది, అంచు కింద వాళ్ళబ్బాయి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది, తళతళలాడేట్టు తోమింది. "ఇందులో పొయ్యమ్మా, మీకు మళ్ళా వేరేగా కడుక్కునే పని ఎందుకు" అంది. కోపంగా అనలేదు, నిజంగానే నాకు పని తగ్గిద్దామన్నట్టు అంది. టీగిన్నె పట్టుకున్న చెయ్యి వణికింది నాకు. అందరూ వెళ్ళాక ఏడ్చాను, దేవుణ్ణి క్షమించమని అడిగాను, ఆమెని మాత్రం అడగలేదు, సిగ్గేసింది, వచ్చేవారం అడుగుదాంలే అనుకున్నా. వచ్చేవారం ఆమెని వేరే వార్డుకి మార్చారు. మళ్ళీ కనపళ్ళేదు. నువ్వు ఆలస్యం చెయ్యకూడదని ఇంత వివరంగా చెప్తన్నా.

మనల్ని మనం తగ్గించుకోవడం అనగానే ఏమనుకుంటామంటే, ఇవ్వడం. బట్టలిస్తే తగ్గించుకున్నట్టు, అన్నం పెడితే తగ్గించుకున్నట్టు. ఇచ్చేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది కదమ్మా, అందులో తగ్గిందేముంది? యోహాను సువార్త 4వ అధ్యాయం తీసి ఈసారి మెల్లగా చదువు. ప్రభువు అలిసిపోయి బావి దగ్గర కూర్చున్నాడు, మధ్యాహ్నం వేళ, నీళ్ళకి సమరయ స్త్రీ వచ్చింది, యూదులు వాళ్ళతో కలవరు. ఆయన మొట్టమొదట నోరు తెరిచి అన్న మాట "నాకు దాహమునకిమ్ము". బోధ చెయ్యలేదు, సాయం చేస్తాననలేదు, ఆమె దగ్గర నీళ్ళడిగాడు, తోడుకోవడానికి ఆయన దగ్గర చేద కూడా లేదు, తాగితే ఆమె కుండలోంచే తాగాలి. కుండ సంగతి తెలుగు దేశంలో మనకి చెప్పాలా? ఆ ఒక్క మాట ఎంత బరువైందో మన జేజిలకి అర్థమైనట్టు ఎవరికీ అర్థం కాదు. ఆమె కూడా బిత్తరపోయి నువ్వు నన్ను నీళ్ళడగడమేంటి అనే అడిగింది. ఊరంతా పాపి అని చూసిన సుంకరి జక్కయ్య దగ్గరా అంతే, చెట్టు దిగు, "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు, మా ఇంటికి రా అనలేదు. ఊరంతా సణుక్కున్నది కూడా దానికే, వాళ్ళింట్లో దిగాడని.

మీ చర్చిలోకి వాళ్ళని ఎలా తీసుకురావాలి అన్నది కొన్నాళ్ళు పక్కన పెట్టు. నువ్వు వాళ్ళ దగ్గరకి వెళ్ళు. కాలవకట్ట ఎక్కి, ఆమె గుడిసె ఎక్కడో కనుక్కుని, వాళ్ళు ఏం పరిస్తే దాని మీద కూర్చుని, అమ్మా కొంచెం మంచినీళ్ళిస్తావా అని నువ్వు అడుగు. ఆమె ఇచ్చిన గ్లాసుతో తాగు. తాగాక చెప్పు, ఆ రోజు నీ గ్లాసు పక్కన పెట్టాను, తప్పు చేశాను, నన్ను క్షమించు అని. అంతే. ఆదివారం తప్పకుండా రావాలి అని చివర్లో తగిలించొద్దు, అట్లా తగిలిస్తే ఆ క్షమాపణ చర్చికి పిలిచే పిలుపైపోతుంది. ఆమె ఏమీ అనకపోవచ్చు, నవ్వి ఊరుకోవచ్చు, కోప్పడొచ్చు, ఆమె ఇష్టం. మర్నాడో ఆ మర్నాడో మళ్ళీ వెళ్ళు.

మీ నాన్నగారి విషయం. ఆయన చెడ్డవాడని నేననుకోను, వేరే కూటం అన్నది ఆయనకి నిజంగా మంచి ఏర్పాటులాగే కనపడి ఉంటుంది. నలుగురిలో నిలదియ్యకు, సంఘంలో పరువు పోతుందన్న భయంతో ఇంకా బిగుసుకుంటారు. రాత్రి అన్నం తిన్నాక పక్కన కూర్చుని, నాన్నా మన తాతలు ఎట్లా ప్రభువుని తెలుసుకున్నారు, ఆ రోజుల్లో మనల్ని ఊళ్ళో ఎక్కడ కూర్చోబెట్టేవాళ్ళు అని అడుగు. అడిగి ఊరుకో, ఆయన్ని చెప్పనీ. మీ ప్రాంతమూ మా ఒంగోలు ప్రాంతమూ ఒక చెట్టు కొమ్మలే, ఆయనకి ఇదంతా తెలిసే ఉంటుంది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చిన కొత్తల్లో ఊళ్ళో పెద్దకులాల వాళ్ళు ఆయన్ని ఆదరించారు, మా పిల్లల్ని మీ బడికి పంపిస్తామన్నారు. అప్పుడే యెర్రగుంట్ల పేరయ్య గారు, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగాయన, ప్రభువుని నమ్ముకుని తనవాళ్ళందరికీ చెప్పి తీసుకురావడం మొదలుపెట్టాడు. ఆ పెద్దోళ్ళు తెగేసి చెప్పారు, వాళ్ళని చేర్చుకుంటే మేం రాం అని. దొరకి ఏం చెయ్యాలో తోచక ఒక గదిలో బైబిలు తెరిస్తే, వాళ్ళ దొరసాని ఇంకో గదిలో తెరిస్తే, ఇద్దరికీ ఒకటే చోటు తగిలిందంట, 1 కొరింథీయులకు మొదటి అధ్యాయంలో 26 నుంచి 29, లోకంలో నీచులైనవాళ్ళని, ఎన్నిక లేనివాళ్ళని దేవుడు ఏర్పరచుకున్నాడు అన్నది. వాళ్ళు పేరయ్య పక్క నిలబడ్డారు, బడికొస్తామన్న పెద్దింటి పిల్లలు పొయ్యారు.

ఆ రోజు దొర కూడా "పేరయ్యా, మీకు మీ పల్లెలోనే సాయంత్రం వేరే కూటం పెడతాలే, మీకూ మొహమాటం ఉండదు" అని ఉంటే? ఈ ప్రశ్న నువ్వు మీ నాన్నని అడగొద్దు, ఆయనే తనకి తాను అడుక్కునేదాకా ఆగు.

ఇంకొకటి, ఇది మటుకు చెప్పు. ధాత కరువులో, 1876 నుంచి 78 దాకా, జనం పిట్టల్లా రాలిపోతుంటే క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వే పనిలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకి కూలి ఇప్పించాడు. కూలి కోసం మతంలోకి వచ్చారని ఎవరూ అనకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలే ఆపేశాడు. కరువు తెరిపిచ్చాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలవేనమ్మా మీ ఊరి పక్కన పారేది. మన తాతలు గంజి కోసం మట్టి మోసిన కాలవ కట్ట మీద ఇవాళ ఇంకొకళ్ళు గుడిసె వేసుకుని ఉంటే, మీరు అక్కడే ఉండండి మేం వచ్చిపోతాం అని మనం ఎట్లా అనగలం?

ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు కొట్లాట పెట్టుకోకు, నువ్వు చెయ్యాల్సింది నువ్వు చెయ్యి.

వాళ్ళు మళ్ళీ వస్తే ఏం చెయ్యాలో చెప్తా. వాళ్ళంతట వాళ్ళే చెప్పుల దగ్గర కూర్చుంటారు అని రాశావు, అట్లా ఎవరూ వాళ్ళంతట వాళ్ళు కూర్చోరమ్మా, మన చూపులే అక్కడికి పంపిస్తాయి, బీదవాణ్ణి కాళ్ళ దగ్గర కూర్చోమనడం గురించి యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో ఉన్నది సరిగ్గా ఇదే. అయితే ఇప్పుడు వాళ్ళ చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కొచ్చి కూర్చోబెట్టొద్దు, నూట ఇరవై కుటుంబాలు మెడ తిప్పి చూస్తుంటే ఆ బిడ్డకి నేల చీల్చుకుని పోవాలనిపిస్తుంది. నువ్వు నీ ముందు చాప వదిలేసి వెనక్కి పో. స్త్రీల సమాజం సెక్రటరీ చెప్పుల పక్కన కూర్చుంటే నాలుగు వారాల్లో చర్చిలో వెనక ఏది ముందు ఏది అన్న లెక్క మారిపోతుంది, విందుకి పిలిస్తే కడపటి చోట కూర్చో అని ప్రభువు లూకా 14లో చెప్పింది ఊరికే చెప్పలేదు. పాటల పుస్తకం ఇచ్చి చదవమనొద్దు, చదువు రానివాళ్ళు ఉండొచ్చు, నువ్వు పక్కన చరణం అందించు. సండే స్కూల్లో కంఠతవాక్యాల పోటీకి ఆ పిల్లల్ని మొదటి వారమే నిలబెట్టొద్దు. కానుకల సంచి వాళ్ళని దాటించి పంపొద్దు, అదొక్కటి బాగా గుర్తుపెట్టుకో, పాపం ఏముంటుందిలే అని సంచి పక్కకి తీసుకుపోయేవాళ్ళని చూశాను, రూపాయి వేసే హక్కు కూడా లేదన్నట్టు. మీ సమాజంలో వండేటప్పుడు సంఘం కోసం గుప్పెడు బియ్యం పక్కన తీసేపని ఉంటే వాళ్ళనీ తియ్యనీ, వాళ్ళు తెచ్చిన బియ్యం కూడా అదే డబ్బాలో పొయ్యి. చీరలు పంచుతూ ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టడం ఉంటే ఇవాళే మానిపించు.

వచ్చే ప్రేమవిందు గురించి. పార్సిళ్ళ సంగతి నువ్వు రాసిన తీరు చూస్తే నీకే తెలుసు. అందరితో పాటే కూర్చోబెట్టాలి, అది ఎట్లాగూ చేస్తావు, నేను ఇంకొంచెం ముందుకి వెళ్ళమంటా. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో భోజనాల పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి అన్యాయం జరుగుతుందని గొడవ లేచింది. అప్పుడు సంఘం ఏడుగుర్ని ఆ పనికి పెట్టింది, పేర్లు చూడు, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, ఏడూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్నవాళ్ళ పక్షం మనుషుల చేతికే గరిట ఇచ్చారు. నువ్వు కూడా కట్ట మీది ఆడవాళ్ళని ఒకరిద్దరిని వంటకి పిలువు, గిన్నెలు తోమడానికి అని పిలవొద్దు సుమా, అది వాళ్ళు రోజూ చేసే పనే, నీ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరగడానికి, కూర కలపడానికి, వడ్డించడానికి. ఒకరిద్దరు తినకుండా వెళ్ళిపోతారు, నిజమే. తినేవాళ్ళు ఎక్కువుంటారని నా నమ్మకం, మొదటి పళ్ళెం నువ్వు పెట్టించుకుని అందరి ముందు తింటే.

వెళ్ళిపోయేవాళ్ళ గురించి పెద్దలు తప్పకుండా భయపెడతారు. మా సంఘంలోనూ హెచ్.ఐ.వి. ఉన్న ఒకామె ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసంలో, పాలు తీసుకుంటుంటే మూడు కుటుంబాలు రావడం మానేశాయి. రెండు కుటుంబాలు ఏడాది తర్వాత తిరిగొచ్చాయి, ఒకటి రాలేదు. రానివాళ్ళ కోసం నేనిప్పటికీ ప్రార్థన చేస్తాను, కానీ ఆమెని పంపించేసి వాళ్ళని ఉంచుకుంటే ఆ బల్ల ముందు నేను మోకాళ్ళూనగలిగేదాన్ని కాదు.

ఇప్పుడు కష్టమైన మాట. ఆ చెరువుల్లో కాపలాకి, మేత వెయ్యడానికి వీళ్ళు అడ్వాన్సులు తీసుకుని ఉంటారు, అప్పు తీరేదాకా వేరే పనికి పోనివ్వకుండా పెట్టుకునేవాళ్ళు మన జిల్లాల్లో ఉన్నారు. మీ సంఘం ఆయన అట్లా చేస్తున్నాడని నేననను, నాకు తెలియదు, నువ్వు తెలుసుకో. కట్ట మీద కూర్చుని వాళ్ళు చెప్పేది వింటే నీకే తెలుస్తుంది. అట్లా ఉంటే అది అప్పు కాదు, వెట్టి. 1976 చట్టం ప్రకారం అలాంటి అప్పు చెల్లదు, కలెక్టరు, ఆర్డీవో దాకా వెళ్ళొచ్చు. అయితే ముందు మీ పాస్టరు అయ్యగారిని తీసుకుని ఆయన ఇంటికే వెళ్ళి మాట్లాడండి, పొలం కోసినవాళ్ళ కూలి మొర పెడుతుంది అని యాకోబు 5వ అధ్యాయంలో ఉన్న మాట ఆయనకీ తెలుసు కదా. ఆదివారం వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని సోమవారం కూలి లెక్క దగ్గర మనం నోరు మూసుకుంటే, ఆ కూర్చోబెట్టుకోవడం వాళ్ళకి ఎందుకు?

దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, బిషప్ అవ్వక ముందు, 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభలో తెల్ల దొరలందరి ముందు నిలబడి అన్న మాట ఒకటుంది. మీరు బీదల కోసం మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాల్నే ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్నివ్వండి అన్నాడు. ఆ రోజు ఆయన మనందరి తరఫున అడిగాడు. నీ చీరలూ బియ్యం గురించి చదివినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది, ఇచ్చినందుకు నిన్ను తప్పుపట్టడానికి కాదు తల్లీ, ఆకలున్నచోట బియ్యం ఇవ్వాల్సిందే. బియ్యం ఇచ్చి వచ్చేశావు, కాసేపు కూర్చోలేదు, అంతే నేను చెప్పేది.

ఇక వెళ్ళే రోజు గురించి. మధ్యాహ్నం వెళ్ళకు, చెరువుల మీద ఉంటారు, పొద్దుగూకే ముందు వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళు, లేదంటే మీ పాపని తీసుకుపో, సమాజం ఆడవాళ్ళని గుంపుగా తీసుకెళ్తే విజిటింగ్‌కి వచ్చారనుకుని గబగబా ఇల్లు సర్దుకుంటారు. చేతిలో బియ్యం సంచీ పళ్ళ కవరూ ఏమీ పట్టుకుపోవద్దు ఈసారికి, ఖాళీ చేతుల్తో వెళ్ళు. కుక్కలు మొరుగుతాయి, వాళ్ళే అదిలిస్తారు, భయపడకు. నీళ్ళు పడతాయో లేదో అన్న అనుమానం ఉంటే టీ అడుగు, ఆమె పొయ్యి రాజేసి కాచేదాకా పక్కనే కూర్చో.